వాహన సందేహాలు: పాత స్పోర్ట్స్ కారుకు తక్కువ ఖర్చులో టర్బో

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు టర్బో గురించే, అంటే ఇంజన్ పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం గురించే ఉన్నాయి. మిర్యాలగూడ పాఠకుడి ప్రశ్నలో అడగవలసినదంతా ఉన్నది గనుక ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. మిగిలిన మూడింటికి జవాబు చెప్పేటప్పుడు దానిలోని కొన్ని విషయాలు మళ్లీ అవసరమవుతాయి.

ప్రశ్న: మాది మిర్యాలగూడలో బియ్యం మిల్లు. మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ పూర్తి చేసి ఏడాదిగా టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు 1992 నాటి మాజ్డా మియాటా అనే రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. దానికి టర్బో లేదు. తానే ఇంటి గ్యారేజీలో టర్బో బిగించుకుంటానని, మొత్తం 2,500 డాలర్లు అవుతుందని, అందులో సగం నన్ను సర్దమని అంటున్నాడు. చదువు కోసం తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు. మా లారీ మెకానిక్‌ను అడిగితే, ‘మన లారీలకు ఉండేదే కదా సేటూ, దానికింత ఆలోచన ఎందుకు’ అన్నాడు. డబ్బు పంపవచ్చా? పంపితే వాడు ఎక్కడ దెబ్బతినే అవకాశం ఉన్నది?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కారును ఎంచుకోవడంలో మీ అబ్బాయి పొరపాటు చేయలేదు. ఆ మోడల్‌లో ఉన్నది 1,598 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజన్. నిమిషానికి 6,500 చుట్ల వద్ద 116 హార్స్‌పవర్ ఇస్తుంది. కారు బరువు దాదాపు ఒక టన్ను. ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్‌ను మాజ్డా కంపెనీ 1980లలో 323 అనే కారులో టర్బోతో సహా అమ్మింది. ఇంజన్ దిమ్మ పోత ఇనుముది, కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 9.4 మాత్రమే. ఈ కారుకు టర్బో పెట్టుకున్నవాళ్లు ముప్పై ఏళ్లుగా ఉన్నారు కాబట్టి దేని తర్వాత ఏది విరుగుతుందో కూడా అందరికీ తెలిసిపోయింది. పొరపాటు ఉంటే లెక్కలోనే ఉంటుంది. టర్బో పెట్టడమంటే టర్బో కొనడమని అనుకుని మొదలుపెట్టినవాడు సగం దారిలో చేతిలో డబ్బు లేక, చివర కొనవలసిన వాటిని కొనకుండానే బండి నడిపేస్తాడు. ఆ చివర కొనవలసినవే ఇంజన్‌ను కాపాడేవి.

మీ మెకానిక్ మాట లారీ వరకు నిజమే. డీజిల్ ఇంజన్ లోపలికి పీల్చేది ఉత్త గాలిని. పిస్టన్ ఆ గాలిని నొక్కి బాగా వేడెక్కించాక, ఆఖరి క్షణంలో ఇంజెక్టర్ డీజిల్‌ను చల్లుతుంది. గాలి ఎంత ఎక్కువైనా ముందుగా అంటుకోవడానికి అక్కడ ఇంధనమే ఉండదు. సాధారణ పెట్రోల్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిసి లోపలికి వెళ్తాయి, కలిసే నొక్కుడు పడతాయి. ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకేలోపల, ఒక మూలన మిగిలిన మిశ్రమం వేడికి తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటే దానినే మెకానిక్‌లు నాకింగ్ అంటారు. లారీకి లేని ఈ బెడద పెట్రోల్ ఇంజన్‌కు ఉన్నది, టర్బో పెట్టగానే అది పెరుగుతుంది.

వేడి ఎక్కడినుంచి వస్తుందో మీ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. బోరు వేసే లారీ కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే పైపు మీద చేయి వేసి చూసినవాళ్లందరికీ గాలిని నొక్కితే ఎంత కాలుతుందో తెలుసు. టెక్సాస్ ఎండ మన ఎండకు ఏమీ తీసిపోదు. బయట 40 డిగ్రీలున్న రోజున 7 పౌండ్ల ఒత్తిడితో టర్బో నెట్టే గాలి, ఆ టర్బో మంచిదే అయినా, 90 డిగ్రీలు దాటి బయటికి వస్తుంది. ఈ పౌండ్లు టైరులో గాలి కొట్టించేటప్పుడు మనం చెప్పే పౌండ్లే. ఇంటర్‌కూలర్ అనే రేడియేటర్ వంటిది ముందు భాగంలో పెట్టి ఆ గాలిని దాని గుండా పంపితే వేడి 55, 60 డిగ్రీల మధ్యకు దిగుతుంది; బయటి గాలి కంటే చల్లగా మాత్రం ఎన్నటికీ కాదు. అంత చేస్తే 116 హార్స్‌పవర్ 160 దాకా చేరుతుంది. టన్ను బరువున్న కారుకు అది తక్కువేమీ కాదు. ఇంటర్‌కూలర్ లేకుండా మొదలుపెట్టి తర్వాత చూద్దామని మీ అబ్బాయి అంటే ఒప్పుకోవద్దు.

ఈ చిక్కు నిన్నటిది కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే టర్బో కారును అమ్మింది. దాని కంప్రెషన్ 10.25. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని ఒక చిన్న ట్యాంకులో పోసి ఇంజన్‌లోకి చల్లించేవారు. యజమానులు ఆ ట్యాంకు నింపడం మరిచిపోయేవారు. ట్యాంకు ఖాళీ అయితే టర్బో ఒత్తిడిని తగ్గించే ఏర్పాటు ఉండేది కాబట్టి, కారు పరుగెత్తడం లేదని ఫిర్యాదు చేసేవారు. చివరికి కంపెనీయే చాలా కార్ల నుంచి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది.

నాకింగ్ చేసే పని ఎలా ఉంటుందో నేను నల్లగొండలో ఒక షెడ్డులో చూశాను. విప్పిన పిస్టన్‌ను చేతిలో పెట్టారు. పైభాగం చెక్కుచెదరలేదు, పక్కన మొదటి రెండు రింగుల నడుమ ఉండే సన్నని గట్టు మాత్రం గోరంత ముక్క విరిగి ఊడిపోయింది. అదే సిలిండర్ నుంచి తీసిన ప్లగ్గు చూస్తే తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య మెరిసే రవ్వలు కనిపించాయి. ఆ రవ్వలు పిస్టన్ అల్యూమినియమే. డబ్బాలో కంకర పోసి ఊపినట్టు చప్పుడు వస్తే యజమాని వాల్వులు అనుకున్నాడట. అనుకుని ఇంకొక వారం నడిపాడు.

ఇక ఖర్చు దగ్గరికి వద్దాం. మీ అబ్బాయి కారులో గాలిని కొలిచేది గాలిదారిలో స్ప్రింగు మీద నిలిచిన ఒక రేకు తలుపు. గాలి తోసినకొద్దీ తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకున్నదో చూసి కారు కంప్యూటర్ పెట్రోల్ వదులుతుంది. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక టర్బో ఇంకెంత గాలి తోసినా ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. ఇంజెక్టర్లు కూడా ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 210 సీసీల పెట్రోల్ మాత్రమే చల్లగలవు; అది ఉన్న 116 హార్స్‌పవర్‌కు సరిగ్గా సరిపోయే లెక్క. టర్బో పెట్టిన పెట్రోల్ ఇంజన్ నుంచి 160 హార్స్‌పవర్ రావాలంటే 320 సీసీల వరకు, 200 రావాలంటే 400 సీసీల వరకు ఇచ్చే ఇంజెక్టర్లు కావాలి. గాలి పెరిగి పెట్రోల్ పెరగకపోతే మిశ్రమం పలచబడి మంట మరింత వేడెక్కుతుంది, నాకింగ్ వెనకే వస్తుంది.

అందుచేత కారు కంప్యూటర్ స్థానంలో, సెట్టింగులు మనమే మార్చుకోగల ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) పెట్టాలి. ఖర్చు తగ్గించే దారి ఇక్కడ కూడా ఉన్నది: మెగాస్క్విర్ట్ అనే ఈసీయూను స్వయంగా బిగించుకునే ఔత్సాహికుల కోసమే రూపొందించారు, ఓపిక ఉన్నవాళ్లు విడిభాగాలు తెచ్చి సోల్డరింగ్ చేసుకుని తయారుచేసుకోవచ్చు, తొందర ఉన్నవాళ్లకు మియాటా వైరింగ్ సాకెట్‌లోకి నేరుగా దూరే తయారు సరుకూ దొరుకుతుంది. దీనికి బదులు పెట్రోల్ ఒత్తిడిని ఎక్కువ చేసే చిన్న రెగ్యులేటర్ ఒకటి పెట్టి పాత కంప్యూటర్‌తోనే నెట్టుకొచ్చే పద్ధతి ఉన్నది, 1990లలో అమ్మిన కిట్లు చాలావరకు అలాంటివే. అది పెట్రోల్ ఇస్తుంది గాని స్పార్క్ వేళను ఆలస్యం చేయలేదు. టర్బో ఒత్తిడి పెరిగినకొద్దీ స్పార్క్ కాస్త ఆలస్యంగా రావాలి. పౌండు ఒత్తిడికి క్రాంకు తిరిగే కోణంలో ఒక డిగ్రీ చొప్పున వెనక్కి పెట్టి మొదలుపెట్టడం మెకానిక్‌ల వాడుక. పాత సామాన్లలో ఆ రెగ్యులేటర్ వంద డాలర్లకు దొరికిందని మీ అబ్బాయి సంతోషంగా చెబితే, ఆ వంద డాలర్లు పోయినట్టే లెక్క రాసుకోండి.

ఈసీయూతో పాటు పొగ గొట్టంలో గాలి, పెట్రోల్ పాళ్లను కనిపెట్టే వైడ్‌బ్యాండ్ సెన్సర్, దాని గేజి కావాలి. పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అవసరం. టర్బో గట్టిగా తోసేటప్పుడు మాత్రం దాన్ని 11.5 దగ్గరికి దించి, ఎక్కువైన పెట్రోల్‌తోనే లోపలి వేడిని తగ్గిస్తారు. గేజి లేకుండా చెవితో విని సెట్టింగ్ చేస్తానన్నవాడి చేతికి బండి ఇవ్వకూడదు, వాడు మన కొడుకైనా సరే.

టర్బో విషయంలో నిజంగానే డబ్బు మిగుల్చుకోవచ్చు. సుబారు కంపెనీ డబ్ల్యూఆర్ఎక్స్ కార్లలో వచ్చిన మిత్సుబిషి టీడీ04 రకం, నిస్సాన్ సిల్వియాలో వచ్చిన గారెట్ టీ25, టీ28 రకాలు పాత సామాన్లలో దొరుకుతాయి, ఈ ఇంజన్‌కు సరిపోతాయి. అచ్చం వాటిలాగే కనిపించే కొత్త నకళ్లు కూడా కొద్ది డబ్బుకే వస్తాయి, కాని మంచి కంపెనీ పాత టర్బోకే నా ఓటు. కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే. గాలి పీల్చే వైపు నట్టును రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. అటు ఏమాత్రం ఆట తగిలినా వద్దు. పక్కలకు కొద్దిగా ఊగితే భయపడనక్కరలేదు, లోపలి బేరింగు ఆయిల్ పొర మీద తేలే రకమైతే ఆయిల్ లేనప్పుడు ఆ మాత్రం ఊగుతుంది. రెక్కల అంచు గోడకు తగిలి గీతలు పడితే మాత్రం పని అయిపోయినట్టు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, మీ మిల్లులో ఏ బ్లోయరూ దాని దరిదాపులకు రాదు.

అంత వేగాన్ని మోసేది ఆయిల్ కాబట్టి ఆయిల్ వచ్చే పైపు ఎంత ముఖ్యమో, పోయే పైపు అంతకంటే ముఖ్యం. టర్బో కింది నుంచి ఆయిల్ దానంతట అదే జారి ఇంజన్ అడుగు చట్టిలోకి పడాలి. పైపు లావుగా ఉండాలి, ఎక్కడా పైకి వంపు తిరగకూడదు, చట్టిలో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మియాటాకు ఆ రంధ్రం చట్టికి మనమే పెట్టుకోవాలి. చట్టిని విప్పకుండా కిందనుంచే డ్రిల్లు వేసి, గ్రీజు పూసి రజనును పట్టేవారున్నారు, ఆ గ్రీజును తప్పించుకున్న అల్యూమినియం రజను ఎక్కడికి చేరుతుందో ఆలోచిస్తే చట్టిని విప్పడమే మేలనిపిస్తుంది. కొత్తగా బిగించిన టర్బో నీలంగా పొగ విడిస్తే చాలామంది టర్బోనే తిడతారు. పదింట ఆరేడు సార్లు తప్పు ఆ దిగుడు పైపుదే.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఇంజన్ పొగను టర్బోకు చేర్చి దానిని మోసే మ్యానిఫోల్డ్ పోత ఇనుముదైతే మంచిది; పలుచని స్టీలు పైపులు వెల్డింగ్ చేసినవి చూడటానికి బాగుంటాయి, వేడికి పగుళ్లు వస్తాయి. టర్బో బోల్టులు ఎర్రగా కాగి చల్లారి వదులైపోవడం ఈ కారుకు పేరుపడ్డ జబ్బు, మొదటి నెలలో వారానికొకసారి చూసుకోవాలి. పాత రేడియేటర్ పైన ఉండే నల్లని ప్లాస్టిక్ ట్యాంకు గోధుమ రంగుకు తిరిగితే అది పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే కాబట్టి టర్బో కంటే ముందు దానిని మార్చాలి. మామూలు క్లచ్ జారడం మొదలుపెడుతుంది. 1990 నుంచి 1993 వరకు వచ్చిన కార్లలో వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ చిన్నది. 1994 నుంచి 1.8 లీటర్ల మోడల్‌తో పాటు పెద్దది ఇచ్చారు. ఇంజన్ తట్టుకున్నా, సిగ్నల్ దగ్గర క్లచ్ ఒక్కసారి వదిలితే ఆ చిన్న డిఫరెన్షియల్ తట్టుకోకపోవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. 2,500 డాలర్లు చాలవు. నా అంచనాలో ఈసీయూ, వైడ్‌బ్యాండ్, ఇంజెక్టర్లకే వెయ్యి దాటుతుంది, క్లచ్, రేడియేటర్ కలుపుకుని 3,500 అనుకుంటేనే పని మధ్యలో ఆగదు. డబ్బు అంతా ఒకేసారి పంపవద్దు. మొదట ఒక్కొక్క సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో కొలిచే కంప్రెషన్ టెస్టు చేయించి నాలుగు సిలిండర్ల అంకెలు పంపమనండి. నాలుగింటి మధ్య తేడా పదో వంతు కంటే ఎక్కువుంటే ముందు ఇంజన్ పని చేయించుకోవాలి, టర్బో మాట తర్వాత. అంకెలు బాగుంటే ఈసీయూకూ వైడ్‌బ్యాండ్‌కూ సరిపడా పంపండి. వాటిని టర్బో లేకుండానే బిగించి నెల రోజులు నడపమనండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడం, ట్రాఫిక్‌లో ఆగిపోకుండా ఉండటం, ఇవన్నీ కుదిరాక టర్బో బిగిస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం సులువు. రెండూ ఒకే శనివారం బిగించినవాడికి ఆ ఆదివారం నరకమే. ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం తెచ్చి, గ్యాపు 0.7 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గించుకోవాలి. ఒత్తిడి 7 పౌండ్లు దాటకూడదు, దానికి తగ్గ స్ప్రింగు ఉండి, ఒత్తిడి మించితే పొగను పక్కకు వదిలే వేస్ట్‌గేట్ చాలు, ఒత్తిడిని పెంచే గుబ్బ అసలు కొననే వద్దు. అది ఉంటే ఎవరైనా తిప్పుతారు.

పెట్రోల్ విషయంలో వాడికి మన కంటే సుఖం. ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అక్కడి బంకుల్లో 93 ఆక్టేన్ దొరుకుతుంది, అమెరికా వాళ్లు రెండు పద్ధతుల సగటు రాస్తారు కాబట్టి ఆ 93 మన లెక్కలో 97, 98కి సమానం. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు ఏటేటి భద్రతా తనిఖీని ఎత్తివేశారు. పొగ పరీక్ష కొన్ని కౌంటీలలో (మన జిల్లాల వంటివి) ఉన్నా 24 ఏళ్లు దాటిన కార్లకు అది వర్తించదు. ఉద్యోగం మారి కాలిఫోర్నియాకు వెళితే మాత్రం అక్కడి ప్రభుత్వ బోర్డు అనుమతి నంబరు లేని టర్బోతో స్మాగ్ అనే పొగ పరీక్ష గట్టెక్కదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పాలి. ఇంత పని చేసే ఓపిక లేదని వాడు అంటే ఇంకొక దారి ఉన్నది: 2004, 2005 మోడళ్లలో మాజ్డాయే 178 హార్స్‌పవర్‌తో మాజ్డాస్పీడ్ మియాటా అనే టర్బో కారు అమ్మింది. ఉన్నది అమ్మి, పైన కొంత వేసుకుని దానిని వెతుక్కోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర పాత ఫియట్ పాలియో 1.6 పెట్రోల్ ఉన్నది. మహబూబ్‌నగర్‌లో ఒక తుక్కు దుకాణంలో డీజిల్ స్విఫ్ట్ టర్బో రెండు వేలకు ఇస్తానంటున్నాడు. పాలియోకు పనికివస్తుందా?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: పనికిరాదు. ఆ టర్బో 1,248 సీసీల ఇంజన్ కోసం చేసినది, ఆ ఇంజన్ పూర్తి శక్తి ఇచ్చేది 4,000 చుట్ల వద్ద. ఆ వేగంలో ఇంజన్ కొలత ప్రకారం మింగే గాలి నిమిషానికి దాదాపు 2,500 లీటర్లు. మీ 1,596 సీసీల పాలియోను 5,500 చుట్లకు తీసుకుపోతే అది 4,400 లీటర్లు. చిన్న టర్బో కాబట్టి కింది చుట్లలోనే హుషారుగా తోస్తుంది, పైకి పోయేసరికి పొగకు దారి చాలక ఇంజన్ గొంతు పట్టుకున్నట్టవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు వేడి. డీజిల్ పొగ మహా అయితే 800 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, గట్టిగా నడిపిన పెట్రోల్ టర్బో ఇంజన్ పొగ 950 దాకా పోగలదు. డీజిల్ టర్బో పోత ఇనుము అంత వేడికి పగులుతుంది, బేరింగు చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు చాలా డీజిల్ టర్బోలలో ఉండదు కాబట్టి ఇంజన్ ఆపగానే లోపల మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఇదే ఇంజన్‌కు ఉన్న 90 హార్స్‌పవర్ రకంలో వచ్చిన టర్బోకు లోపల కదిలే రెక్కలు కూడా ఉంటాయి, అవి పెట్రోల్ వేడికి బిగుసుకుపోతాయి.

ఇంకొక మాట. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నాకింగ్‌ను కాస్త తగ్గిస్తుంది గాని, పాలియో కాలపు రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. ఆ రెండు వేలు పెట్రోల్ పైపులు, పంపు వాషర్లు మార్చడానికి ఖర్చు చేయండి. వాహనం మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే ఆ పని ముందు చేసి తీరాలి.

ప్రశ్న: నల్లగొండలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా అన్నయ్య పాత హోండా సిటీకి టర్బో పెట్టించాలని ఉన్నది. హైదరాబాద్‌లో ఒక షెడ్డువాళ్లు, ‘ఆర్‌సీలో ఇంజన్ నంబరు మారదు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి

జవాబు: ఇంజన్ నంబరు మారకపోయినంత మాత్రాన చట్టం వదలదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీ వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివి, తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడం కుదరదని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న మాట గమనించండి. టర్బో ఒక మార్పు, సైలెన్సర్ ఇంకొకటి, అలా లెక్క పెరుగుతుంది. దీనికి తోడు, నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ప్రమాదం జరిగి కారులో ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని టర్బో ఉన్నదని సర్వేయర్ రాస్తే, క్లెయిము కోసం మీ అన్నయ్య ఎన్నాళ్లు తిరగవలసి వస్తుందో ఆ షెడ్డువాళ్లు చెప్పరు.

వేగమే కావాలంటే కంపెనీ నుంచే టర్బో పెట్రోల్ ఇంజన్‌తో వచ్చిన పాత కారు వెతకండి. 2013 నుంచి అమ్మిన పోలో జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల టర్బో ఇంజన్ 105 హార్స్‌పవర్ ఇస్తుంది, ఆర్‌సీకి ఏ తేడా రాదు. టర్బో బిగించడం నేర్చుకోవాలన్నదే మీ కోరిక అయితే రోడ్డు మీదికి రాని కారు మీద నేర్చుకోవాలి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనూ కోయంబత్తూరులోనూ రేసు ట్రాకులు ఉన్నాయి, అక్కడికి అలాంటి కార్లను బండి మీద ఎక్కించి తీసుకుపోతారు. ఈ పనికి మే నెల మాత్రం పెట్టుకోకండి. నల్లగొండలో 44, 45 డిగ్రీల ఎండలో మన మామూలు పెట్రోల్‌తో టర్బో సెట్టింగ్ చేయడమంటే, పైన చెప్పిన పిస్టన్ గట్టును మనమే సుత్తితో కొట్టినట్టు.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి రోజూ హైదరాబాద్ వెళ్లి వస్తాను. కొత్తగా కొన్న పెట్రోల్ కారుకు కంపెనీ టర్బో ఉన్నది. ఇంటికి వచ్చి ఆపేముందు రెండు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే నడపాలని లారీ డ్రైవర్లు చెబుతారు. అవసరమా?
– కల్వకుర్తి పాఠకురాలు

జవాబు: మీరు ఊళ్లోకి వచ్చాక చివరి కిలోమీటరు నిదానంగానే నడుపుతారు కదా, అంత చాలు, టర్బో ఆ లోపే చల్లబడుతుంది. హైవే మీద గట్టిగా నడిపి టోల్ దగ్గరో హోటల్ దగ్గరో వెంటనే ఆపవలసి వస్తే మాత్రం ఒక నిమిషం ఆగి ఆపండి. కొత్త కార్లలో కొన్నింటికి ఇంజన్ ఆగాక కూడా టర్బోకు నీళ్లు తిప్పే కరెంటు పంపు ఉంటుంది. కారు ఆపాక ముందునుంచి సన్నగా గుయ్‌మని చప్పుడు వస్తే అది చాలావరకు ఆ పంపుదో రేడియేటర్ ఫ్యానుదో, భయపడవద్దు. ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడ్‌దే పోయించండి, గడువు దాటనివ్వకండి. రోజూ ఇంత దూరం తిరిగే మీకు నెలల గడువు కంటే కిలోమీటర్ల గడువే ముందు వస్తుంది.